లంకె సారు

ఎల్‌బీ నగర్ మెట్రో మెట్లు దిగుతుంటే, కింద విజయవాడ బస్సులు ఆగే వైపు ఒకాయన తెల్లటి థర్మోకోల్ డబ్బాను రెండు చేతులతో గుండెకు హత్తుకుని నిలబడి ఉన్నారు. "సార్!" అని గట్టిగా పిలిచేశాను. ఆయన తిరిగి చూశారు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి. "ఏం గావాలమ్మా?" అన్నారు. ఏమీ లేదని చెయ్యి ఊపి పక్కకు తప్పుకున్నాను. మా సారు పోయి అప్పటికే నెల దాటింది. ఆ సంగతి తెలిసే పిలిచాను.

పోయినవాళ్లు కలలోకి వస్తారంటారు. మా సారు అలా రారు. పట్టపగలు వస్తారు. రోడ్డు దాటేటప్పుడు, కూరగాయలు బేరమాడేటప్పుడు వస్తారు. వచ్చి ఏమీ అనరు. బతికున్నప్పటిలాగే ముందు నా చెవుల వంక చూస్తారు, తరువాత మొహం వంక. అప్పగించిన పని ఏమైందని అడిగే చూపు అది. నాకు భయమేస్తోందంటే మా ఇంట్లో నవ్వుతారు. "ప్రార్థన చేస్కో బిడ్డ" అంటుంది మా అమ్మ. నేను ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను, ఆయన వస్తూనే ఉన్నారు.

చెవులు చూడటం ఆయనకు వృత్తి వల్ల పట్టుకున్న జబ్బు. మాది పందుల జాతిని మెరుగుపరిచే ప్రాజెక్టు. పిల్ల పుట్టగానే కత్తెరలాంటి పనిముట్టుతో దాని చెవి అంచున చిన్న గాట్లు పెడతాం. ఏ గాటు ఎక్కడుందో చూస్తే అది ఏ ఈతలో పుట్టిందో, తల్లెవరో తండ్రెవరో తెలిసిపోతుంది. ఆ గాట్లు చదివి చదివి ఆయన మనుషుల్ని కూడా చెవుల దగ్గరే మొదలుపెట్టేవారు. పెద్ద ఆఫీసరు వచ్చి చెయ్యి చాపినా, ఈయన ఆయన చెవి వైపు చూస్తూనే నమస్కారం పెట్టేవారు. అంత చదువుకున్న మనిషి, గాట్లు పెట్టే పని మాత్రం ఎవరికీ అప్పగించేవారు కాదు. "నొప్పి పెట్టేదేదో మన చేత్తోనే పెట్టాలమ్మాయ్. ఇంకోళ్ల చేత పెట్టించకూడదు" అనేవారు. ఆ కత్తెర ఎప్పుడూ ఆయన చేతిసంచిలోనే ఉండేది.

సారు పుట్టింది గుంటూరు వైపు పల్లెలో. ఉద్యోగం దొరికిన రోజు నుంచీ దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ హాస్టళ్ల సందులో ఒక వాటాలో అద్దెకుండేవారు. ఇంట్లో గుడ్డు కూడా తినరు. సాయంత్రం రాగానే పెరట్లో కుళాయి కింద స్నానం చేస్తేగానీ భార్య లోపలికి రానిచ్చేది కాదు. వాటా అద్దెకిచ్చిన ఇంటివాళ్లకు పశువుల డాక్టరునని చెప్పుకున్నారు. ఏ పశువులని వాళ్లు అడగలేదు, ఈయన చెప్పలేదు. నాకు ఆ బాధ లేదు. మేం నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో స్థిరపడ్డ క్రైస్తవులం. పంది కూర మా ఇంట్లో పండగ కూర. నేను ఫీల్డ్ అసిస్టెంటుని, పందుల్ని తూచేదాన్నని ఎవరడిగినా గొంతెత్తే చెప్పేదాన్ని. అప్పుడు సారు అటూ ఇటూ చూసి, "మెల్లగా చెప్పమ్మాయ్, మా ఇంటి ఓనరు చుట్టాలు ఇటే ఉంటారు" అనేవారు.

ఆయనకొక ఊతపదం ఉండేది. "తిండా, రక్తమా?" ఎక్కడ ఏది బాగుందన్నా ఆ ప్రశ్నే. పక్కింటావిడ కొడుక్కి ర్యాంకు వచ్చిందని మిఠాయి తెస్తే, "కోచింగా, రక్తమా?" అని అడిగారట. ఆవిడ డబ్బా మూత పెట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది. ఆ మాట ఆయనే చెప్పుకుని పడీ పడీ నవ్వేవారు. నవ్వు ఆగాక, "అడగాల్సిన ప్రశ్నే గదా" అనేవారు.

మాకు రెండు మందలు ఉండేవి. ఒకటి కోస్తాలో, ఒకటి నాదర్‌గుల్ దగ్గర. కోస్తా మందకు తౌడు, నూకలు కడుపునిండా. మా మందకు దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో మిగిలిన అన్నం, సాంబారు. పిల్లలకు పరీక్షలైతే మా పందులకు పస్తులు. పైన విమానం నడపడం నేర్చుకునేవాళ్లు చక్కర్లు కొడుతుంటే కింద మా పందులు ఖాళీ తొట్లు నాకేవి. సహజంగానే కోస్తా పందులు బరువు తూగేవి, మావి తూగేవి కావు. మరి కోస్తా పంది మేలుజాతిదా, లేక మేలైన తొట్టి దగ్గర నిలబడిందా? అది తేలాలంటే రెండు మందలకీ మధ్య చుట్టరికం ఉండాలనేవారు సారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకది ఎక్కలేదు. టీ తాగుతూ చెప్పారు. "రెండు ఊళ్లలో రెండు తక్కెళ్లున్నాయనుకో. ఈ ఊరి కిలో, ఆ ఊరి కిలో ఒకటేనా? ఎట్టా చూస్తావు?"

"ఒక్కటే వస్తువును రెండు తావుల జోకాలె సార్."

"అంతే! ఆ వస్తువే లంకె పంది. ఒకే మగపంది పిల్లలు రెండు మందల్లోనూ పుట్టాలి. అక్కడ బాగా పెరిగి ఇక్కడ పెరగకపోతే, తేడా తొట్టిది. రక్తానిది కాదు."

"అంటె అన్నిట్ల మంచి పంది గావాలె గద."

"అక్కర్లేదమ్మాయ్. తూచడానికి బంగారమే కావాలా? ఇటుకైనా చాలు. రెండు చోట్లా ఉండాలి, అంతే."

అప్పటి నుంచి ఆఫీసులో ఆయన పేరు లంకె సారు. ఉద్యమం వేడెక్కిన రోజులవి. మా క్యాంటీన్‌లో టీ కూడా రెండు గుంపులుగా తాగేవాళ్లం. మావాళ్లు ఎట్లా వెనకబడ్డారో మేం చెప్పేవాళ్లం, తామెంత కష్టపడి పైకొచ్చారో వాళ్లు చెప్పేవాళ్లు. సారు మధ్యలో కూర్చుని, "రెండు గుంపులూ లంకె లేకుండా మాట్లాడతన్నారు" అనేవారు. ఒకరోజు నాకు ఒళ్లు మండి నిలదీశాను. "మీరు ఏ దిక్కు సార్? తెలంగాణ ఇయ్యాల్నా, వద్దా?"

"ఇవ్వాలమ్మాయ్. అడిగినోళ్లకి ఇవ్వకుండా ఎట్టా? పందుల్ని మాత్రం విడదీయమాకండి."

తప్పించుకున్నారనే అనుకున్నాను. ఆయన తప్పించుకోలేదని తరువాత తెలిసింది.

పై ఆఫీసు నుంచి మాట వచ్చింది. రెండు మందలు నడపలేం, ఒకటి ఉంచి రెండోది అమ్మేస్తాం అన్నారు. ఏది అమ్మాలో కళ్లకు కనబడుతూనే ఉందన్నారు, తూకాలు చూస్తే చాలదా అని. అమ్మేదంటే మాదే. నాదర్‌గుల్ మంద పోతే మొదట వీధిన పడేది యాదమ్మ. ఆ ఫారంలో పందుల్ని సాకే మనిషి. భర్త పోయాక షెడ్ల పక్కనే రేకుల గదిలో ఉండేది. ఆడపందులన్నిటినీ "అవ్వా" అని పిలిచేది. నేను ఆమెను పెద్దమ్మా అనేదాన్ని. ఆమెకు ఇల్లు, కొలువు, చుట్టాలు అన్నీ ఆ మందే.

సారు పై ఆఫీసులో కుర్చీ దిగకుండా కూర్చుని వాదించారట. లంకె లేని మందల్ని పోల్చడం పాపం అన్నారట. "మనవైపు మనిషివై ఉండి ఇదేం పట్టుదలయ్యా" అని కోస్తా మిత్రులు ఎగతాళి చేశారు. చివరికి ఒక్క ఈత గడువిచ్చారు. కోస్తా మందలో అప్పటికే పిల్లలున్న ఒక మగపందికి మా మందలో కూడా పిల్లలు పుట్టాలి. వాటిని పెంచి, పోల్చి, అప్పుడు నిర్ణయిస్తారు. ఆ ఈత తప్పితే మంద అమ్మకమే.

ఆ మగపంది వీర్యం తేవాలి. మూడు రోజులు దాటితే పనికిరాదు. సరిగ్గా అప్పుడే సకల జనుల సమ్మె. బస్సుల్లేవు, దాన్ని తేవడానికి వెళ్లిన సారు కోస్తాలో ఉన్నారు. ఎల్‌బీ నగర్ దగ్గర హైవే మీద వంటావార్పు చేస్తున్నాం. రోడ్డు మధ్యలో రాళ్ల పొయ్యి, పెద్ద గిన్నెలో కిచిడీ, గరిటె నా చేతిలో. ఆగిపోయిన లారీల మధ్య నుంచి డబ్బాను గుండెకు హత్తుకుని నడిచి వస్తున్నారు మా సారు. చొక్కా అంతా కోడి ఈకలు. కోదాడ దాకా ఎవరిదో బండి, అక్కడి నుంచి కోళ్ల లారీ, లారీ ఆగిపోయిన చోటు నుంచి నడక.

పిల్లలు చుట్టుముట్టారు. "ఏముంది డబ్బల?"

అబద్ధం చెప్పొచ్చు. మందులంటే వదిలేసేవాళ్లు. ఆయన, "వీర్యం బాబూ" అన్నారు.

"ఎవలిది?" అన్నాడొకడు.

"పందిది."

"ఆంధ్రా పందిదా?"

"అవును బాబూ. ఇక్కడి పందులకి న్యాయం జరగాలంటే అక్కడి పందే కావాలి."

నవ్వుతో రోడ్డు దద్దరిల్లింది. నేను గరిటెతోనే పరిగెత్తాను. "గాయన మా సారు, ఇడువున్రి" అన్నాను. వాళ్లు విడవలేదు, కూర్చోబెట్టారు. ఎండలో వచ్చిండు పాపం అని ఒకడు సోడా బండి నుంచి ఐసుగడ్డ తెచ్చి డబ్బా మీద పెట్టబోతే, సారు ఎగిరి గంతేసి, "ఐసొద్దు, చచ్చిపోతాయి!" అని డబ్బా మీద అడ్డం పడ్డారు. ఎండా పడదు, ఐసూ పడదు దానికి. టెంటు నీడలో పెట్టించి, ఒక చెయ్యి దాని మీద వేసే కిచిడీ తిన్నారు. తిని, అంతమంది ఉద్యమకారుల మధ్యలో నాతో, "ఉప్పు తగ్గిందమ్మాయ్" అన్నారు. ముందు ఇంకా నాలుగు చోట్ల ఆపుతారని ఒక పిలగాడు డబ్బాకు జై తెలంగాణ కండువా చుట్టి, ఆయన్ని బండి మీద నాదర్‌గుల్‌లో దించి వచ్చాడు. ఆరోజు నాకు ఆయన మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. మా నాయన మీద కూడా అంత కలిగి ఉండదు.

దారిలో వేడి తగిలిందో ఏమో, ఒక్క ఆడపందికే చూడి నిలిచింది. సారు దిగులుపడలేదు. "ఒక్క దారమైనా దారమే" అన్నారు. అది ఈనేదాకా వారం వారం వెళ్లి దాని పొట్ట మీద చెయ్యి వేసి చూసి వచ్చేవారు. లంకె పిల్లలకు కుడి చెవి కొనన ఒక ప్రత్యేకమైన గాటు పెట్టాలని ముందే అనుకున్నారు. ఆ గాటున్న పిల్లలే మందను కాపాడతాయి.

అది ఈనిన రోజు బంద్. నేను ఇంట్లో ఇరుక్కుపోయాను, సారు దిల్‌సుఖ్‌నగర్‌లో. కత్తెర ఆయన సంచిలో. మర్నాడు ఎలాగో ఇద్దరం వెళ్లేసరికి యాదమ్మ గేటు దగ్గరే ఎదురొచ్చింది. రెండు రోజులుగా నిద్రలేని మొహం వెలిగిపోతోంది.

"ఒక్కటి గూడ సావలే సారు! రెండు ఈతలు, ఒక్క పిల్ల గూడ పోలే!"

"రెండా?" అన్నారు సారు.

పక్క దొడ్లో ఇంకో పంది కూడా అదే రోజు ఈనింది, మా మందలోని మగపందికే. లంకె పిల్లల తల్లికేమో ఈనగానే జ్వరం వచ్చి పాలు చేపలేదు. పిల్లలు అరుస్తుంటే యాదమ్మ తీసుకెళ్లి పాలున్న తల్లి దగ్గర పెట్టింది. ఇన్ని పిల్లలకు ఆ తల్లి చాలలేదు. అందుకని అన్నిటినీ కలిపి ఒకే గడ్డి మీద పడుకోబెట్టి, వంతులవారీగా పాలు తాగించింది. పందుల్ని సాకేవాళ్లందరూ చేసేదే అది. పాలెక్కడుంటే పిల్లలక్కడ. ఇప్పుడు గడ్డి మీద ఒకే రంగు, ఒకే ఈడు పిల్లలు గుట్టగా పడుకుని ఉన్నాయి. ఏ చెవికీ గాటు లేదు.

సారు వాటి మీదికి వంగారు. "ఏది ఏ తల్లిదో గుర్తుందా యాదమ్మా?"

"గుర్తెందుకు సారు? ఆకలికి ఏడుస్తుంటె తల్లెవలు తండ్రెవలని అడుగుతమా?"

విషయమేమిటో నేను చెప్పాను. విని ఆమె వచ్చి సారు రెండు చేతులూ పట్టుకుంది. "గీ సగం పిల్లలకు కోయున్రి సారు. గవే అని రాయున్రి. ఎవలొచ్చి సూస్తరు? నా మంద నిలుస్తది." నేనూ అదే అన్నాను. "కోయున్రి సార్." ఈరోజు అడిగినా కోయమనే అంటాను.

ఆయన సంచిలోంచి కత్తెర తీశారు. పిల్లల్ని ఒక్కొక్కటిగా ఎత్తుకుని, వెలుతురుకు పెట్టి, చెవులు వేళ్ల మధ్య నిమిరి చాలాసేపు చూశారు. అన్నిటినీ చూశారు. కొన్నిటిని రెండోసారి కూడా ఎత్తుకుని చూశారు. కడపటి పిల్లను గడ్డి మీద దించి, కత్తెర సంచిలో వేసుకుని, "తండ్రి తెలియదు" అన్నారు. అలాగే రాశారు.

రక్తపరీక్ష చేయిద్దామని పై ఆఫీసుకు వెళ్లి బతిమాలారు. పందిపిల్లలకు తండ్రి పరీక్షలా అని అక్కడ నవ్వారట. మంద అమ్మకానికి వెళ్లింది. లారీలు వచ్చిన రోజు యాదమ్మ ప్రతి అవ్వనూ తట్టి ఎక్కించింది. అంతా అయ్యాక సారు ఎదుటికొచ్చి నిలబడి, "నీ నిజం నా పందులను మింగింది సారు. సల్లగుండు" అంది. తెలంగాణ మనిషి సల్లగుండు అంటే దీవెన. ఆమె గొంతులో అది దీవెనలా లేదు. సారు తల వంచుకుని విన్నారు. ఆ తరువాత ఆయన నాదర్‌గుల్ వైపు వెళ్లగా నేను చూడలేదు. ఎప్పుడైనా నేను ఆ ఊరి పేరెత్తితే మాట మార్చేసేవారు.

రాష్ట్రం వచ్చింది. మా వీధిలో టపాకాయలు కాలుస్తుంటే నేనూ ఏడ్చాను, నవ్వాను. సారుకు కోస్తాకు బదిలీ అయ్యింది. దిల్‌సుఖ్‌నగర్ వాటా ఖాళీ చేస్తున్నప్పుడు, పశువుల డాక్టరు మంచాయన, మళ్లీ ఇట్లాంటి కిరాయిదారు దొరకడని ఇంటాయన కళ్లు తుడుచుకున్నాడట. అక్కడికి వెళ్లాక ఆఫీసులో ఈయన్ని హైదరాబాదాయన అనేవారట. అది చెప్పి నవ్వారు, కానీ పాత నవ్వు కాదు అది.

కంటి డాక్టరు కోసం అప్పుడప్పుడూ వచ్చేవారు. ఆఖరిసారి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరానీ చాయ్ దగ్గర కలిశాం. బాగా చిక్కిపోయారు. నా చెవుల వంక చూడలేదు, చూపు ఆనడం లేదేమో అనుకున్నాను.

"యాదమ్మ ఎట్టా ఉందమ్మాయ్?"

"ఫంక్షన్ హాల్ల ఊడుస్తున్నది సార్. మోకాళ్ల నొప్పులు. కర్మన్‌ఘాట్‌ల ఉంటది."

ఆయన చాయ్ గ్లాసు పక్కకు జరిపి, "ఆ రోజు ఆ పిల్లల్లో ఏవి లంకెవో నాకు తెలిసిందమ్మాయ్" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"చెవులు చూడగానే తెలిసింది. ఆ మగపంది చెవి మొదట్లో ఒక మడత ఉండేది. కొన్ని పిల్లలకి అదే మడత. మళ్లీ ఎత్తుకుని చూశా. ఉంది."

గ్లాసు బల్ల మీద కొట్టినంత పని చేశాను. "మరెందుకు కోయలే సార్?"

"ఆ మంద బతకాలని నాకు ఎంత ఆశో నీకు తెలుసుగా. ఆశపడ్డోడి కంటికి కావాల్సిందే కనబడుద్ది. ఎన్నాళ్లో ఆ మడత చూడాలని తపించినోడిని, నాకు మడత కనబడకపోతేనే వింత. అట్టాంటి కంటిని నమ్మి ఎట్టా కోసేది?"

"గా కన్నే నిజమైతే?"

"నిజమైతే ఆ మందని అమ్మింది పై ఆఫీసు కాదమ్మాయ్. నేనే. రోజూ లెక్కేస్తా. రోజుకో తీరుగా తేలుతుంది." లేచి నిలబడి, చెప్పలేక చెప్పినట్టు, "యాదమ్మకి చెప్పు. నాకు తెలిసిందని చెప్పు. నేను ఆమె మొహం చూసి చెప్పలేను. ఆమె ఏం తిడితే అది పడతా" అన్నారు.

చెప్తానన్నాను. ఇవాళ రేపు అంటూ జరిగిపోయింది. ఆఫీసు పాతవాళ్ల ఫోన్ గ్రూపులో ఆయన ఫోటో, కింద దండం పెట్టిన చేతుల బొమ్మలు కనబడేదాకా వెళ్లనే లేదు. అప్పటి నుంచి మొదలయ్యాయి ఆయన రాకపోకలు. డబ్బాతో ఎదురయ్యే ప్రతి మనిషీ ఆయనే అయిపోయాక, ఇక తప్పదని ఒక ఆదివారం చర్చి నుంచి తిన్నగా కర్మన్‌ఘాట్ వెళ్లాను.

యాదమ్మ గుమ్మంలో కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. ముసలిదైపోయింది. నన్ను చూసి లేవబోతే వద్దని పక్కన కూర్చున్నాను.

"పెద్దమ్మా, మన సారు పోయిండు."

నూనె చేతులు ఆగిపోయాయి. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను చెప్పాల్సిన మాట కోసం నోరు తెరిచాను. ఆమే ముందు మాట్లాడింది.

"గాయనను మస్తు తిట్టిన బిడ్డ. ఎన్నొద్దులో తిట్టిన. తర్వాత ఒకనాడు కూసోని సోంచాయించిన. పాపం, గాయనకు మాత్రం ఎట్ల తెలుస్తది? అన్ని పిల్లలు ఒక్క తీరున్నయి. ఎంతగనం ఎత్తుకోని ఎత్తుకోని సూసిండు, నీ కండ్ల ముంగటనే గద. తెల్వకపాయె. గప్పటిసంది నా మనసుల ఏం లేదు. నిద్ర గూడ మంచిగ వడుతున్నది." నా చెయ్యి పట్టుకుంది. "తెలిస్తె కోయకుంటుండెనా బిడ్డా?"

గల్లీలో ఎవరో పిల్లలు అరుచుకుంటూ పరిగెత్తారు. ఆమె నా మొహంలోకే చూస్తూ జవాబు కోసం ఆగింది.

"కోస్తుండె పెద్దమ్మా" అన్నాను.